బాబా సాలా గడియారం, నా డీవీడీ

ఆమధ్య హైదరాబాదులో పైరసీ సైటు నడిపినవాడిని పోలీసులు పట్టుకున్నప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు అదే గోల. నలుగురిలో ముగ్గురు వాడి పక్షమే. "టికెట్టు ధర చూశావా? పాప్‌కార్న్‌కి అంతకంటే ఎక్కువ. పార్కింగు వేరే. మధ్యతరగతి వాళ్లకి వాడే దిక్కయ్యాడు" అని మా బావమరిది. హీరోలకి కోట్లు పోతే మనకేంటి అని ఇంకొకరు. నేను ఒక వాక్యం టైపు చేసి, చెరిపేసి, మళ్లీ టైపు చేసి, చివరికి ఏమీ పెట్టకుండా ఊరుకున్నాను. చెప్పాలనుకున్నది అక్కడ పట్టదు. పైగా అది మన సినిమాల సంగతి కూడా కాదు.

అది నైజీరియాలో, యొరుబా భాషలో జనాన్ని నవ్వించి, సొంత డబ్బూ అప్పు చేసిన డబ్బూ పెట్టి సినిమా తీసి, దొంగ క్యాసెట్ల దెబ్బకి కుదేలైన ఒక నటుడి సంగతి. అసలు పేరు మోజెస్ ఒలాయియా అడెజుమో. ఆ పేరు చెబితే లేగోస్‌లో చాలామంది ఒక్క క్షణం ఆలోచిస్తారు. బాబా సాలా అంటే ఆలోచించరు, నవ్వుతారు. యాభై దాటినవాళ్లయితే.

నాకా పేరు తెలిసింది ఒక గోడగడియారం వల్ల. లేగోస్‌లోని ఇకేజాలో ఒక ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో మూడేళ్లు అకౌంట్స్ చూశాను. అక్కడ స్టోర్ చూసే పెద్దాయన ఇలేషా ఊరివాడు, అరవైకి దగ్గరపడ్డవాడు. అందరూ ఆయన్ని బాబా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను 'ఓగా' అనేవాడు. అంటే సారు, బాసు అన్నట్టు. నాకంటే పాతికేళ్లు పెద్దాయన అలా పిలుస్తుంటే మొదట్లో ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

ఒకరోజు స్టోర్లో గడియారం ఆగిపోయింది. సెల్లు మార్చడానికి ఆయన కుర్చీ ఎక్కి దాన్ని దించాడు. దించినవాడు బల్ల మీద పెట్టకుండా ఎడమచేతి మణికట్టు మీద ఆనించుకున్నాడు. పళ్లెమంత గడియారం. మోకాళ్లు కాస్త వంచి, మెడ ముందుకు సాచి, గొప్ప ఆఫీసరు మీటింగుకి టైమవుతోందని చూసుకుంటున్నట్టు ఒక్క చూపు చూశాడు. లోడింగ్ చేసే ఇద్దరు పెద్దవాళ్లు పగలబడి నవ్వారు. క్యాంటీన్ ఆవిడ తొడ చరుచుకుని "బాబా సాలా!" అని అరిచింది. పాతికేళ్ల కుర్రాడు ఒకడు నాలాగే అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు. వాడూ యొరుబావాడే.

తర్వాత తెలిసింది, బాబా సాలా వేషమే అదని. బల్ల మీద పెట్టుకునే అలారం గడియారాన్ని చేతివాచీలా కట్టుకునేవాడు. మొహానికి పెద్ద కళ్లజోడు, మెడ కింద ఛాతీని సగం కప్పేసే బో టై, ఎవరిదో తెచ్చి తొడిగినట్టుండే కోటు. చేతిలో కాణీ లేకపోయినా దొరబాబులా కనిపించాలని తాపత్రయపడే పిసినారి ముసలాడి పాత్ర. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఆ తర్వాత చమురు డబ్బు వచ్చిపడ్డ రోజుల్లో, అలాంటి మనిషి నైజీరియాలో ప్రతి వీధికీ ఒకడుండే ఉంటాడు. అందుకే జనం అంతలా గుర్తుపట్టారు.

బ్యాండు నుంచి బస్సు దాకా

ఆయన మొదలుపెట్టింది నటనతో కాదు, పాటలతో. 1960లలో ఫెడరల్ రిథమ్ డాండీస్ అనే హైలైఫ్ బ్యాండు నడిపాడు. అందులో గిటారు వాయించిన కుర్రాడు తర్వాత జూజూ సంగీతంలో ప్రపంచమంతా తెలిసిన కింగ్ సన్నీ అడే అయ్యాడు. ఆ కుర్రాడు తన దారి తను చూసుకున్నాడు, ఈయన హాస్యంలోకి దిగాడు. ఇబడాన్‌లో 1959లోనే టీవీ కేంద్రం పెట్టారు, ఆఫ్రికాలో మొట్టమొదటిదని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ టీవీ వల్లే ఆయన 'అలావాడా' బృందం ఇంటింటికీ చేరింది. అలావాడా అంటే వాళ్ల మాటలో వినోదం పంచేవాడు, హాస్యగాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, నా వాదనంతా దీనిమీదే నిలబడుతుంది కాబట్టి. యొరుబా నాటకాల్లో నటుడంటే జీతానికి పనిచేసే మనిషి కాదు, యజమాని. 1945లో హ్యూబర్ట్ ఒగుండే సొంత నాటక సమాజం పెట్టి ఆ దారి వేశాడు. కథ ఆయనదే, పాట ఆయనదే, హీరో ఆయనే, బస్సు ఆయనదే, పోలీసు కేసు పడితే జరిమానా కట్టేదీ ఆయనే. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడానికి ఇళ్లల్లో ఒప్పుకోకపోతే తన బృందంలో నటీమణుల్ని పెళ్లే చేసుకున్నాడు, ఒకరిని కాదు, చాలామందిని. (దీన్ని మెచ్చుకోలుగా రాయడం లేదు. అలా జరిగింది.) సురభి వాళ్లని చూసినవాళ్లకి సమాజమే కుటుంబం, కుటుంబమే సమాజం అన్న పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు. చమురు డబ్బు ఉన్న రోజుల్లో ఇలాంటి బృందాలు వందకు పైగా యొరుబా ఊళ్లు తిరిగేవి. బాబా సాలాది వాటిల్లో బాగా పేరున్నది.

1976లో 'అజానీ ఒగున్' అనే సినిమా వచ్చింది. అడే లవ్ అని జనం పిలుచుకునే అడెయెమీ అఫోలయన్ అందులో నటుడు, దర్శకుడు ఒలా బలోగున్. పారిస్‌లో సినిమా చదువుకుని వచ్చినవాడు. యొరుబా మాట్లాడే సినిమాకి జనం విరగబడతారని దాంతో తేలిపోయింది. 1979లో ఒగుండే 'అయియే' తీశాడు. నాటకాలవాళ్లందరి కళ్లూ తెరమీద పడ్డాయి. బస్సులో సెట్టు సామాను, పాతికమంది మనుషులు, వాళ్ల తిండి, వాళ్ల జబ్బులు. వీటన్నిటి బదులు ఒక పెట్టెలో రీళ్లు. ఎవరికి ఆశ పుట్టదు?

కానీ పద్ధతి మాత్రం నాటకాలదే. మనవైపు బయ్యరున్నాడు, డిస్ట్రిబ్యూటరున్నాడు, బాక్సు ఏ ఊరెళ్లాలో చూసుకునే ఆఫీసుంది. అక్కడ అవేమీ లేవు. హాలు అద్దెకి తీసుకునేది తనే, ప్రొజెక్టరు మోసుకెళ్లేది తనే, గేటు దగ్గర టికెట్లు చింపేది ఇంటివాళ్లే. రంగుల ఫిల్మ్ కడగడానికి దేశంలో ల్యాబు లేక లండన్ పంపేవాళ్లు. ప్రింటు తీయాలంటే బయటి డబ్బే కావాలి. కాబట్టి ఒకటీ అరా ప్రింటుతో ఊరూరూ తిరిగి, నెలల తరబడి, పండగలకీ సెలవులకీ ఆడించి పెట్టుబడి రాబట్టుకోవాలి. సినిమా పాతబడకుండా ఉన్నంతకాలమే ఆ లెక్క పనిచేస్తుంది.

పైలోకం వేడెక్కింది

1982లో బాబా సాలా 'ఒరున్ మూరు' తీశాడు. దర్శకుడు బలోగునే. పేరుకి పైలోకం వేడిగా ఉందని అర్థం. అందులో ఆయన ఒకప్పుడు బాగా బతికిన వ్యాపారి. డ్రమ్ముల్లో డబ్బు నింపి చూపిస్తానన్న మోసగాడిని నమ్మి ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. చచ్చిపోదామని వెళ్తే మృత్యువు, నీకింకా టైము రాలేదు పొమ్మంటాడు. చేతికి గడియారం కట్టుకు తిరిగే మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో చూడండి.

ఆ సినిమా హాళ్లలో నిండుగా ఆడకముందే దొంగ క్యాసెట్లు బజారుకొచ్చేశాయి. అప్పటికి డబ్బున్న ఇళ్లల్లో వీసీఆర్లు ఉన్నాయి, లేనివాళ్లకి ఉన్నవాళ్ల గదులున్నాయి. హాలుకి వచ్చేవాడు రాలేదు. అప్పులు మిగిలాయి. తర్వాత కూడా ఆయన సినిమాలు చేశాడు. వాటిలో 'మొసెబొలటాన్'కి దర్శకుడు అడే లవ్. పేరుకి అర్థం: అంతా అయిపోయిందనుకున్నాను. ఇంతకంటే నేను వ్యాఖ్యానించను. చివరి దశలో చర్చి సేవలోకి వెళ్లిపోయాడు. 2018 అక్టోబరు 7న ఇలేషాలో పోయాడు. సంతాపాలన్నిటిలో గడియారం ఉంది, పైరసీ ఉంది.

నా గొడవ ఆ రెండో మాటతోనే. 'పైరసీ ఆయన్ని ముంచేసింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అబద్ధం కాదు. కానీ ఒక క్యాసెట్టు ఒక మనిషిని అంతలా ఎలా ముంచగలిగింది? పెద్ద కంపెనీ సినిమా అయితే నష్టం పదిచోట్ల పంచుకుంటారు. కొంత బ్యాంకుది, కొంత బయ్యరుది, కొంత వచ్చే ఏడాది సినిమాది. ఇక్కడ నిర్మాత, హీరో, బయ్యరు, పూచీ ఉన్నవాడు అందరూ ఒక్కడే. కన్నం వేసిన దొంగకి గోడ అవతల ఉన్నది కంపెనీ గోడౌను కాదు, ఒక మనిషి పడగ్గది.

మా గ్రూపులో 'హీరోలకి కోట్లు పోతే మనకేంటి' అన్న మాటకి నా జవాబు ఇదే. పైరసీకి పెద్దా చిన్నా తేడా తెలియదు గానీ తట్టుకోవడంలో తేడా ఉంది. పెద్దవాడు తిట్టుకుంటాడు, లేచి నిలబడతాడు. తన పనికి తనే యజమానిగా ఉన్నవాడే పోతాడు.

అయితే ఇంతటితో నాకు నమ్మకం కుదరలేదు.

నా లెక్కలో చిల్లులు

మొదటిది, తప్పంతా క్యాసెట్టుదేనా? 1982 నాటికే చమురు ధరలు దిగి ప్రభుత్వం పొదుపు మొదలెట్టింది. రాత్రిపూట దొంగల భయం వల్ల జనం హాళ్లకి వెళ్లడం తగ్గింది. 1986లో వాళ్ల కరెన్సీ నైరా విలువ పడిపోయాక లండన్ ల్యాబుకి ఫిల్మ్ పంపడమే అసాధ్యమైంది. క్యాసెట్టు రాకపోయినా ఇంకో నాలుగేళ్లకి ఈ ఆట ముగిసేదే. ఒప్పుకుంటాను. కానీ నాలుగేళ్లంటే తక్కువ కాదు. అప్పు తీర్చి, బృందానికి దారి చూపించి, మర్యాదగా తప్పుకోవడానికి సరిపడే కాలం అది.

రెండోది ఇంకా ఇబ్బందిపెట్టేది. ఇవాళ నాలీవుడ్ అని మనం వింటున్న నైజీరియా సినిమా పరిశ్రమ ఆ దొంగ క్యాసెట్ల బజారులోంచే పుట్టింది. కాపీలు తీసే యంత్రాలు, ఖాళీ టేపులు, ఊరూరికీ సరుకు చేరవేసే దుకాణాలు, అన్నీ ముందే అక్కడున్నాయి. ఉత్తరాన కానోలో హిందీ సినిమాల్ని ఇంటింటికీ చేర్చింది కూడా అలాంటి దారులే. ఫిల్ము కొనలేని నాటకాలవాళ్లు వీడియో కెమెరా పట్టుకున్నారు. 1992లో 'లివింగ్ ఇన్ బాండేజ్' అనే వీడియో సినిమా క్యాసెట్లు అమ్ముడుపోయిన తీరు చూసి లోకం నోరెళ్లబెట్టింది. దాని నిర్మాత కెనెత్ న్నెబుయె అంతకుముందు యొరుబా వీడియోలు తీసిన వ్యాపారే. అంటే దొంగలు వేసిన రోడ్డుమీదే దొరల బస్సు నడిచింది. మరి పైరసీ సినిమాని చంపిందంటే ఎలా?

దీనిమీద చాలా రోజులు తన్నుకున్నాను. ఇప్పుడు నాకనిపిస్తున్నది ఇది: సినిమా చావలేదు, చేతులు మారింది. ఒగుండే బస్సు మీద ఒగుండే పేరుండేది. వీడియో కాలంలో లేగోస్‌లోని ఇడుమొటా, అలాబా బజార్లలో కూర్చున్న మార్కెటరు డబ్బు పెట్టాడు, ఎవరు నటించాలో చెప్పాడు, ఎన్ని కాపీలు తీశాడో తనే లెక్క రాసుకున్నాడు. నటుడు పారితోషికం తీసుకుని ఇంటికెళ్లాడు. వందమంది యజమానులున్న చోట పాతికమంది వ్యాపారులు, వేలమంది కూలీలు మిగిలారు. (పాతిక, వేలు అన్నవి మాటవరసకి.) మెడలో బో టై, అప్పుల పత్రం రెండూ తనవే అయిన మనిషి మళ్లీ కనబడలేదు. ఉన్నా అరుదు. అడే లవ్ కొడుకు కున్లే అఫోలయన్ తండ్రిలాగే సొంతంగా నిలబడాలని చూసినవాడు. ఆయన 2014లో తీసిన 'అక్టోబర్ 1' డిస్కులు కూడా వీధుల్లోకి వచ్చేశాయి. ఆయన నలుగురిలో మొత్తుకున్నాడు. మూడో మెయిన్‌లాండ్ వంతెన దగ్గర గో-స్లోలో (ట్రాఫిక్ జామ్‌ని అక్కడ అలాగే అంటారు) ఒక కుర్రాడు కారు అద్దానికి ఆనించి చూపించిన డిస్కుల కట్టలో ఆ బొమ్మ నేనూ చూశాను. అరటిపండు చిప్స్, ఫోను ఛార్జర్లు, ఆ కట్ట, అన్నీ ఒకే చేతిలో.

లేగోస్ బజారులో ఎవరైనా "ఓలే!" అని అరిస్తే ఏమవుతుందో అక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. ఓలే అంటే దొంగ. ఫోను కొట్టేసినవాడు దొరికితే జనం విచారణ దాకా ఆగరు. అదే బజారులో డిస్కుల కుర్రాడి చుట్టూ మాత్రం బేరాలు.

మూడో చిల్లు నేనే. గడియారం సంఘటన తర్వాత 'ఒరున్ మూరు' చూడాలని పట్టుబట్టాను. మా స్టోర్ బాబానే వాకబు చేసి ఎక్కడినుంచో డీవీడీ తెచ్చాడు. కవరు లేదు, మార్కర్ పెన్నుతో పేరు రాసుంది. బొమ్మ కింద వీసీఆర్ టేపు గీతలు వణుకుతున్నాయి, రంగులు కొట్టుకుపోయి అందరి మొహాలూ ఆకుపచ్చగా ఉన్నాయి. మధ్యలో ఒకచోట మాట ఆగి బొమ్మ నడిచింది. అంటే ఇది క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకి, దాన్నుంచి డిస్కుకి దిగిన సంతానం. ఏ క్యాసెట్టు ఆయన్ని ముంచిందో దాని మనవడో మునిమనవడో నా చేతిలో ఉంది. ఆ దొంగలు లేకపోతే నేను ఆయన నడక చూసేవాణ్ణే కాదు.

అందుకే గ్రూపులో టైపు చేసింది చెరిపేశాను. నీతులు చెప్పేవాడి బీరువాలో ఆ డిస్కు ఉంది మరి.

ఆ రాత్రి మా బాబా కూడా నాతోపాటే చూశాడు. డైలాగులు ముందే చెప్పేస్తున్నాడు. 1982లో చూశారా అని అడిగాను. చూశానన్నాడు, ఇలేషాలో పక్కింటాయన గదిలో. ఆయనకి కొత్త వీసీఆర్ ఉండేదట. కిటికీలోంచి కూడా జనం, తలకింతని వసూలు చేశాడట. ఇలేషా అంటే బాబా సాలా సొంత ఊరు. "మీ ఊరి మనిషే కదా, ఆయనకి డబ్బు పోతుందని అనిపించలేదా?" అన్నాను. నొచ్చుకున్నట్టు చూశాడు.

"మేం సినిమా చూశాం ఓగా, అంతే. దొంగతనం చేసింది వేరేవాడు. ఆయన్ని మేమెంత ప్రేమించేవాళ్లమో నీకు తెలియదు."

ఆ ప్రేమని అనుమానించే హక్కు నాకు లేదు, ఆ గడియారం పట్టుకున్న చెయ్యి చూశాను కాబట్టి. కానీ పక్కింటాయన తలకింత వసూలు చేశాడు కదా. జనం ఉచితంగా చూడలేదు, డబ్బిచ్చే చూశారు. ఇవ్వాల్సిన మనిషికి తప్ప అందరికీ ఇచ్చారు. మా బావమరిది కూడా అంతే, ఇంటర్నెట్టుకి కడతాడు, ఫోనుకి కడతాడు, ఆ సైటులో కనిపించే బెట్టింగు ప్రకటనల దగ్గర ఎంత వదిలించుకున్నాడో మా చెల్లెలికి తెలుసు. 'ఫ్రీ' అనే మాటని నేను నమ్మడం మానేసింది ఆ రాత్రే. టికెట్టు ధర ఎక్కువన్న బాధ నిజమే, నాకూ ఉంది. దానికి థియేటరువాడితో పోట్లాడాలి. ధర ఎక్కువైందని వేరేవాడి జేబులో డబ్బు పెట్టడం పోట్లాట ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇది రాస్తున్నానని పోయిన ఆదివారం మా బాబాకి మెసేజ్ పెట్టాను. రిటైరై ఇలేషాలోనే ఉంటున్నాడు. వాయిస్ నోటు వచ్చింది. ముందు మా ఇంట్లో అందరి క్షేమం ఒక్కొక్కరి పేరునా అడిగాడు, యొరుబావాళ్లు ఆ పని తొందరగా ముగించరు. తర్వాత, మనవళ్లకి బాబా సాలా ఎవరో తెలియదట, చూపిద్దామంటే తన డిస్కు గీతలుపడి ఆగిపోతోందట. నా దగ్గరున్నది ఫోనుకి పంపమన్నాడు.

ఫైలు పెద్దది కావడంతో మూడు ముక్కలు చేసి పంపాను. రెండోది ఇంకా దిగుతోందట.